బిల్డ్ ఆర్డర్ బట్టీ పడితే ఏం వస్తుంది, ఏం రాదు? (ఏజ్ 2 డీఈ, అరేబియా)

గొర్రెల_స్కౌట్

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ (డీఈ), అరేబియా మ్యాప్, వన్ వర్సెస్ వన్. ఆర్డర్ (ఎన్నో విలేజర్‌ని ఏ పనికి పంపాలో చెప్పే వరస) అందరికీ తెలిసిన 21 పాప్ స్కౌట్స్, అంటే 21 జనాభాకి ఫ్యూడల్ నొక్కి గుర్రపు స్కౌట్లతో దాడి: 6 మంది గొర్రెల మీద, 4 వుడ్, 1 బోర్ (అడవిపంది), 4 బెర్రీలు, మిగతా 5 వుడ్, లూమ్ (విలేజర్ ప్రాణం పెంచేది), ఫ్యూడల్ (రెండో యుగం). నిద్రలో లేపి అడిగినా చెప్పొచ్చు. ఏఐ మీద ఆడితే ఫ్యూడల్ 9:50కి వస్తోంది. ర్యాంక్‌డ్‌లో అదే ఆర్డర్‌కి 10:40 అవుతోంది. స్కౌట్లు అవతలి ఊరికి చేరేసరికి గోడలు, స్పియర్‌మెన్ రెడీ. అక్కడితో కాగితం అయిపోతుంది, ఆ తర్వాత ఏం చేయాలో అందులో ఉండదు.

అడగదలచుకున్నవి మూడు. ఒకటి, ఆర్డర్ నోటికి వచ్చినా ఆ 50 సెకన్లు ఎక్కడ పోతున్నాయి? రెండు, మధ్యలో ఏదైనా చెడితే (బోర్ ఆలస్యం, విలేజర్ పోవడం) ఆర్డర్‌ని పట్టుకుని వేలాడాలా, వదిలేయాలా? మూడు, మొత్తం ఎన్ని ఆర్డర్లు నేర్చుకుంటే సరిపోతుంది? "ఆర్డర్లు మానేయ్, ఆట అర్థం చేసుకో" అనే సలహా చాలాచోట్ల కనిపిస్తోంది గానీ, దాంతో రేపు గేమ్‌లో ఏం మార్చాలో తెలియట్లేదు.

టీసీ_ఐడిల్

ముందు లెక్క చూద్దాం. మీరు బట్టీ పట్టింది వరస మాత్రమే, దాని వెనక లెక్క కాదు.

మొదట ఉండేది 3 విలేజర్లు, ఒక స్కౌట్. 21 పాప్ అంటే స్కౌట్ పోగా 20 విలేజర్లు, అంటే టౌన్ సెంటర్ (విలేజర్లు పుట్టే భవనం) చేయాల్సింది 17 మందిని. ఒక్కొక్కరికి 25 సెకన్లు, మొత్తం 425. లూమ్ ఇంకో 25. 450 సెకన్లు, అంటే 7:30కి ఫ్యూడల్ నొక్కాలి. అప్‌గ్రేడ్ 130 సెకన్లు కాబట్టి 9:40. ఇంతకంటే ముందు రావడం కుదరదు. ఇంతకంటే ఎన్ని సెకన్లు వెనకబడితే టౌన్ సెంటర్ అన్ని సెకన్లు ఖాళీగా కూర్చున్నట్టు, లేదా నొక్కే వేళకి 500 ఫుడ్ లేనట్టు. 10:40 అంటే నిమిషం పోయింది. ర్యాంక్‌డ్‌లో చేయి వణికిందనో, టెన్షన్ అనో అనుకోకండి, రీప్లే తీసి టౌన్ సెంటర్ ఎక్కడ ఆగిందో చూడండి. సాధారణంగా మూడు చోట్ల ఆగుతుంది.

మొదటిది ఆట మొదలైన అర నిమిషంలోనే. టౌన్ సెంటర్ ఇచ్చేది 5 జనాభా. 3 విలేజర్లు, స్కౌట్ కలిపి 4 అయిపోయాయి. మొదటి విలేజర్ పుట్టగానే 5/5. 25వ సెకనుకల్లా ఇల్లు లేకపోతే రెండో విలేజర్ మొదలే కాదు. ఇల్లు ఒక్కరే కడితే 25 సెకన్లు, ఇద్దరు కడితే 19 లోపు. అందుకే ఇద్దరు కలిసి ఒక ఇల్లు, మూడో మనిషి ఇంకో ఇల్లు. మ్యాప్ చూస్తూ 5 సెకన్లు ఆలోచిస్తే ఇక్కడే పోతుంది.

రెండోది 15 దగ్గర. రెండు ఇళ్లతో 15 జనాభా. బెర్రీలకి వెళ్లే మొదటి విలేజర్ దారిలో ఇల్లు కట్టి, తర్వాత మిల్లు కట్టాలని ఆర్డర్‌లో ఉండేది ఇందుకే. ఆ ఇంటిని మరిచి నేరుగా మిల్లుకి పంపితే 15/15 దగ్గర ఆగుతుంది. గమనించి ఇల్లు కట్టేసరికి 30 సెకన్లు ఎగిరిపోతాయి.

మూడోది ఫుడ్ తగ్గడం. టౌన్ సెంటర్ ఆగకుండా నడవాలంటే 25 సెకన్లకి 50 ఫుడ్, అంటే సెకనుకి 2. గొర్రె మీద ఒక విలేజర్ సెకనుకి సుమారు 0.33 తెస్తాడు. ఆరుగురైతే 2. ఆర్డర్‌లో "6 గొర్రెల మీద" అని ఉండటానికి అదే కారణం, ఇంకేం శాస్త్రం లేదు. కానీ అది గొర్రె టౌన్ సెంటర్‌కి ఆనుకుని ఉంటేనే. నాలుగు టైల్స్ (మ్యాప్ గళ్లు) దూరంలో చంపితే నడకతో అది 1.6కో 1.7కో పడిపోతుంది, ఐదారు విలేజర్ల తర్వాత ఫుడ్ చాలక క్యూ (విలేజర్ల తయారీ వరస) ఆగిపోతుంది. ఒకేసారి మూడు గొర్రెల్ని చంపడం కూడా తప్పే. చచ్చిన గొర్రెలో ఫుడ్ కుళ్లిపోతూ ఉంటుంది.

ఏఐ మీద 9:50 వచ్చింది కదా. అక్కడ మీ స్కౌట్‌ని ఎవరూ తరమరు, మీ కళ్లు టౌన్ సెంటర్ మీదే ఉంటాయి. ర్యాంక్‌డ్‌లో స్కౌట్‌తో ఎదుటివాడి బోర్ కోసం వెతుకుతూ ఉంటే ఇక్కడ క్యూ ఖాళీ అవుతుంది. దీనికి మందు టౌన్ సెంటర్‌ని చూపే హెచ్ కీ: ఏ మూల ఏం చేస్తున్నా 15 సెకన్లకోసారి హెచ్ నొక్కి క్యూ చూడటం. అంతకంటే పెద్ద రహస్యం లేదు.

ఇక నిమిషం ఆలస్యానికి ధర. 9:40కి ఫ్యూడల్ వస్తే, ఇద్దరు కడితే స్టేబుల్ (స్కౌట్లు వచ్చే గుర్రపుశాల) 38 సెకన్లు. స్కౌట్ ఒక్కొక్కటి 30 సెకన్లు. మూడోది 11:48కి బయటికొస్తుంది. మీదైతే 12:48. స్పియర్‌మన్‌కి 22 సెకన్లే, 35 ఫుడ్, 25 వుడ్. మీరు పోగొట్టుకున్న నిమిషంలో ఎదుటివాడికి ఇద్దరు స్పియర్‌మెన్ వచ్చేశారు, మూడోవాడు బ్యారక్స్‌లో సగం దాటాడు. మీ స్కౌట్లు గోడల దగ్గర ఆగడానికి ఆర్డర్ తప్పు కాదు.

లూమ్_ముందే

పై పోస్ట్‌తో ఏకీభవిస్తూనే ఒక మాట. లెక్క తెలిసినంత మాత్రాన ఆటలో వేసుకునే తీరిక ఉండదు. ఎక్కాలు నోటికి వచ్చినవాడు కూడికలో వేళ్లు లెక్కపెట్టడు, అందుకని బట్టీ కావాల్సిందే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లలో చాలామందికి 12వ విలేజర్ ఎక్కడికి పోవాలో ఆలోచించకుండానే చేయి వెళ్లిపోతుంది, ఆ సంగతి వాళ్లు మరిచిపోయారంతే.

రెండో ప్రశ్న, మధ్యలో చెడితే ఏం చేయాలి. ఇక్కడ వరసని కాదు, గుర్తుల్ని పట్టుకోవాలి. 21 పాప్ స్కౌట్స్‌కి నాలుగు గుర్తులు చాలు:

10 మంది విలేజర్లున్నప్పుడు 6 ఫుడ్, 4 వుడ్. 15 మంది ఉన్నప్పుడు బోర్ టౌన్ సెంటర్ కింద ఉండాలి, మిల్లు లేచి ఉండాలి. నొక్కేటప్పుడు సుమారు 7 మాంసం, 4 బెర్రీ, 9 వుడ్. ఫ్యూడల్ వచ్చే క్షణానికి బ్యారక్స్ పూర్తయి, చేతిలో కనీసం 225 వుడ్ (స్టేబుల్ 175, వుడ్ కొట్టే వేగం పెంచే డబుల్ బిట్ యాక్స్‌కి 50), యాక్స్‌కే ఇంకో 100 ఫుడ్, పైన మొదటి స్కౌట్‌కి 80.

గుర్తు చేరడానికి దారి ఏదైనా ఫర్వాలేదు. బోర్ 11వ విలేజర్‌తో తెచ్చినా, 13వ విలేజర్‌తో తెచ్చినా ఒకటే, ఈలోగా గొర్రెలు అయిపోకుండా ఉంటే. మొత్తం 8 గొర్రెలు, ఒక్కోదాంట్లో 100 ఫుడ్. బోర్లు రెండు, ఒక్కోదాంట్లో 340. కాబట్టి బోర్ ఆలస్యమైతే కొంప మునగదు. బోర్ కోసం ఎదురుచూస్తూ ఆరుగురు నిలబడిపోతే మునుగుతుంది. చేతిలో ఉన్న గొర్రెలో సగం మిగిలుండగానే ఒకరిని పంపండి, రెండు బాణాలు తగిలాక వెనక్కి నడిపించండి, టౌన్ సెంటర్ దగ్గరికి వచ్చాక మిగతావాళ్లతో కొట్టించండి.

విలేజర్ పోతే? పోయింది 50 ఫుడ్, 25 సెకన్లు. "20 మంది కావాలి కదా" అని ఇంకొకరిని చేస్తే ఫ్యూడల్ 10:05కి. అదే 19 మందితో నొక్కితే 9:40 నిలుస్తుంది, వుడ్‌లో ఒకరు తక్కువ, అంటే ఫ్యూడల్‌లో ఒక పొలం ఆలస్యం. స్కౌట్స్‌కి వేగమే ప్రాణం కాబట్టి రెండోదే మేలు. ఆర్చర్స్ అయితే మొదటిది.

లూమ్ మాట: చివర్లో చేసినా, బోర్‌కి ముందే చేసినా నొక్కే సమయం మారదు, 25 సెకన్లు 25 సెకన్లే. ముందే చేస్తే ఆ తర్వాతి విలేజర్లందరూ 25 సెకన్లు ఆలస్యంగా పనిలోకి వస్తారు, నష్టం అదొక్కటే. విలేజర్ ప్రాణం 25 నుంచి 40 అవుతుంది. బోర్ తేవడంలో ఇంకా తడబడేవాళ్లు ముందే చేసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

డిపో_14

నేను స్టార్‌క్రాఫ్ట్ 2 వైపు మనిషిని, పక్కింటి మాట అనుకోండి. అక్కడ టెర్రన్ అనే జాతి ఆర్డర్ (అంకెలు జనాభా) 14 డిపో, 16 బ్యారక్స్, 16 గ్యాస్, 19 రీపర్, 20 కమాండ్ సెంటర్. ఇది సెకన్లతో సహా ప్రతి గేమ్‌లో ఒకేలా వస్తుంది. మ్యాప్ ఇద్దరికీ అద్దంలో చూసినట్టు సమానం, మినరల్స్ ప్రతిసారీ అదే దూరంలో ఉంటాయి. 2015లో లెగసీ ఆఫ్ ది వాయిడ్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు మొదటి వర్కర్లను 6 నుంచి 12 చేశారు, అంతకుముందు నేర్చుకున్న ఆర్డర్లన్నీ ఒక్కరోజులో చెత్తబుట్టలోకి పోయాయి. అంకెలు మాత్రమే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. ఎందుకో తెలిసినవాళ్లు కొత్తవి త్వరగానే కట్టుకున్నారు.

ఏజ్ 2లో మ్యాప్ ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. బెర్రీలు ముందు వైపా, వెనక వైపా, వుడ్‌లైన్ (కలప కొట్టే చెట్ల వరస) 10 టైల్స్‌లో ఉందా, 18లో ఉందా తెలియదు. కాబట్టి మీ 6-4-1-4ని రైలు టైంటేబుల్‌లా చదవకండి, నెల ఖర్చుల లెక్కలా చదవండి. ఎంత వస్తుంది, ఎంత పోతుంది.

ఇంకో తేడా. స్టార్‌క్రాఫ్ట్‌లో, ముఖ్యంగా ఇద్దరూ జర్గ్ జాతితో ఆడే జర్గ్ వర్సెస్ జర్గ్‌లో, ఆర్డర్ ఎంపికలోనే ఓడిపోవచ్చు. ఎదుటివాడు త్వరగా పూల్ (సైన్యం కోసం) వేసి, మీరు ముందు హాచరీ (ఆదాయం కోసం) వేస్తే మీ చేతి వేగం ఎంతైనా మీదే కష్టం. ఏజ్ 2లో అంత దారుణం ఉండదు. గోడలు, టౌన్ సెంటర్ బాణాలు, విలేజర్లని లోపల దాచడం, ఇన్ని ఉన్నాయి. తప్పు ఆర్డర్‌తో వచ్చినా సర్దుకునే వ్యవధి దొరుకుతుంది, కాకపోతే అవతలివాడు ఏం చేస్తున్నాడో చూసి ఉండాలి.

ద్రవిడ_ఉరుమి

మూడో ప్రశ్న నాకు వదిలేయండి. మూడు చాలు: 21 పాప్ స్కౌట్స్, 22 లేదా 23 పాప్ ఆర్చర్స్, 27+2 ఫాస్ట్ క్యాసిల్ (27 పాప్‌కి ఫ్యూడల్ నొక్కి, అక్కడ ఇద్దరిని మాత్రమే చేసి మూడో యుగమైన క్యాసిల్‌కి పోవడం). మిగతావన్నీ వీటికి పిల్లలే.

ఆర్చర్స్‌కి కూడా అదే లెక్క వేస్తే అంకెలు వాటంతటవే వస్తాయి. 22 పాప్ అంటే 18 మందిని చేయాలి, 7:55కి నొక్కడం, 10:05కి ఫ్యూడల్. ఆర్చర్ 25 వుడ్, 45 గోల్డ్, 35 సెకన్లు. రెండు రేంజ్‌లు (ఆర్చర్లు వచ్చే భవనాలు) ఆగకుండా నడవాలంటే 35 సెకన్లకి 90 గోల్డ్. ఒక్కో మైనర్ సెకనుకి 0.38 చొప్పున చూస్తే ఏడుగురు, నడక కలిపి ఎనిమిది మంది. "గోల్డ్ మీద 8" అని ఎవరో చెప్పారని కాదు, ఎనిమిదే ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. ఒక్క రేంజ్‌తో ఆడదలిస్తే నలుగురు చాలు. కాగితంలో ఉంది కదా అని ఎనిమిది మందిని పెట్టి ఒకే రేంజ్‌తో ఆడుతూ, గోల్డ్ 400 పోగేసుకుని కూర్చునేవాళ్లు ర్యాంక్‌డ్ నిండా ఉన్నారు.

27+2: 10:00కి నొక్కడం, 12:10కి ఫ్యూడల్, ఇద్దరు విలేజర్లు, 13:00కి క్యాసిల్ నొక్కడం (800 ఫుడ్, 200 గోల్డ్), 160 సెకన్లు, 15:40. చుట్టూ గోడలతో మొదలయ్యే అరీనా మ్యాప్‌లో ఇది అన్నం పెట్టే ఆర్డర్. అరేబియాలో గోడ లేకుండా ఇది చేస్తే 12 నిమిషాలకే స్కౌట్లు వచ్చి వుడ్‌లైన్ ఖాళీ చేస్తాయి.

ఇక సివిలైజేషన్ మారితే. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన ద్రవిడియన్లు మనవాళ్లు చాలామంది ముచ్చటపడి ఎంచుకునే సివ్. ఏజ్ మారిన ప్రతిసారీ వాళ్లకి 200 వుడ్ ఉచితంగా వస్తుంది. మామూలు ఆర్డర్‌ని మక్కీకి మక్కీ ఆడితే ఫ్యూడల్ రాగానే 400 పైగా వుడ్ చేతిలో పడి ఉంటుంది, వాడరు. మొదటి రేంజ్ 175 ఆ కానుకతోనే అయిపోతుంది కాబట్టి మొదటి యుగమైన డార్క్ ఏజ్‌లో వుడ్ మీద నుంచి ఇద్దరిని తీసి గోల్డ్‌కో ఫుడ్‌కో పంపాలి, లేదా 22కి బదులు 21కే నొక్కాలి. అన్నట్టు వీళ్లకి నైట్ (స్టేబుల్‌లో వచ్చే బలమైన గుర్రపు సైనికుడు) లేదు. 27+2 వేసి స్టేబుల్ కట్టాక నైట్ బటన్ వెతుక్కోకండి.

మంగోల్స్‌కి వేటగాళ్లు 40% వేగం, బోర్ త్వరగా ఖాళీ అవుతుంది, రెండో బోర్ ముందే కావాలి, జింకల్ని కూడా స్కౌట్‌తో నెట్టుకురావాలి. మాయన్లకి ఒక విలేజర్ ఎక్కువ, చైనీస్‌కి ముగ్గురు ఎక్కువ గానీ చేతిలో ఫుడ్ లేకుండా మొదలు. ఆ రెండింటినీ మొదట్లోనే ముట్టుకోవద్దు. నోమాడ్ మ్యాప్‌లో అసలు టౌన్ సెంటరే ఉండదు, అక్కడ ఈ కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకోవడమే.

గొర్రెల_స్కౌట్

చాలా థ్యాంక్స్ అన్నలూ. రీప్లే చూస్తే టీసీ_ఐడిల్ గారు చెప్పినట్టే ఉంది: 15/15 దగ్గర 34 సెకన్లు, మొదట్లో 6, మిగతావి చిల్లర.

ఒకటే మిగిలింది. 9:40కి వచ్చాననుకుందాం. మూడు స్కౌట్లు వెళ్లాక ఫుడ్ అయిపోతుంది, స్టేబుల్ ఖాళీ, టౌన్ సెంటర్ ఖాళీ. ఆర్డర్ ప్రకారమే ఆడినా ఎందుకలా? గోడ మూసేసి ఉంటే ఇంకా స్కౌట్లు చేయాలా?

టీసీ_ఐడిల్

మళ్లీ అదే కూడిక. స్కౌట్ 80 ఫుడ్, 30 సెకన్లు, అంటే సెకనుకి 2.67. విలేజర్లకి 2. కలిపి 4.67. పొలమైనా, బెర్రీ అయినా మనిషికి 0.32 వేసుకుంటే దాదాపు 15 మంది ఫుడ్ మీదే ఉండాలి. ఫ్యూడల్ వచ్చేసరికి మీ దగ్గర మొత్తమే 20 మంది. మరి మొదటి మూడు స్కౌట్లు ఎలా వస్తున్నాయి? అప్‌గ్రేడ్ నడిచే 130 సెకన్లు టౌన్ సెంటర్ విలేజర్‌ని చేయలేదు, ఆ కాలంలో పోగైన ఫుడ్ అది. పాత నిల్వ తిని బతుకుతున్నారన్నమాట. నిల్వ అయిపోయాక పొలాలు లేకపోతే ఆగుతుంది.

పొలం 60 వుడ్. ఫ్యూడల్ దాకా వుడ్ ఖర్చు ఇది: ఇళ్లు ఐదు 125, లంబర్ క్యాంప్‌లు రెండు 200, మిల్లు 100, బ్యారక్స్ 175, స్టేబుల్ 175, యాక్స్ 50. మొత్తం 825. మొదట చేతిలో ఉన్న 200 పోను 625 కొట్టాలి, ఆ పైన మిగిలిందే పొలాలకి. అందుకే ఫ్యూడల్ నొక్కాక గొర్రెల మీద ఉన్నవాళ్లలో ముగ్గురిని వుడ్‌కి పంపేది. ఆ ముగ్గురిని పంపకపోతే మూడో స్కౌట్ తర్వాత మీరు చెప్పిన పరిస్థితే. హార్స్ కాలర్ (75 ఫుడ్, 75 వుడ్) మొదటి పొలానికి ముందే చేస్తే ఒక్కో పొలానికి 175 బదులు 250 ఫుడ్ వస్తుంది, కానీ స్కౌట్ రష్‌లో 75 ఫుడ్ అంటే దాదాపు ఒక స్కౌట్. మూడు స్కౌట్లు బయటపడ్డాక చేసుకోండి.

గోడ మూసి ఉంటే మూడుతో ఆపేయండి. గుర్రపు సైనికుల ప్రాణం పెంచే బ్లడ్‌లైన్స్ (150 ఫుడ్, 100 గోల్డ్) జోలికి పోవద్దు. ఉన్న మూడింటితో గోడ బయట గోల్డ్‌కో, స్టోన్‌కో వచ్చేవాళ్లని కాపు కాయండి, లోపల అతను ఏం కడుతున్నాడో చూడండి. రేంజ్ కనిపిస్తే మీదీ రేంజ్ పెట్టి ఆర్చర్లకి విరుగుడైన స్కర్మిషర్లు (25 ఫుడ్, 35 వుడ్). ఏమీ కట్టకుండా గోల్డ్ మీద నలుగురైదుగురు ఉంటే అతను క్యాసిల్‌కి పరిగెడుతున్నాడు. మీరు రేంజ్ కట్టి, క్యాసిల్‌కి కావాల్సిన రెండో ఫ్యూడల్ బిల్డింగ్ లెక్క పూర్తి చేసుకుని, స్కౌట్ల డబ్బుతో అతని వెనకే 800 ఫుడ్ పోగేయాలి.

లూమ్_ముందే

సాధన పద్ధతి కూడా చెప్పేస్తా, అది లేకుండా ఈ లెక్కలన్నీ కాగితం మీదే ఉంటాయి. గేమ్‌లోనే ఆర్ట్ ఆఫ్ వార్ కింద ఎర్లీ ఎకానమీ అనే మిషన్ ఉంది, మొదటి వారం అది చాలు. తర్వాత ఏఐని అతి తేలికలో పెట్టి అరేబియాలో 10:00 వరకే ఆడండి, 10:00 కాగానే మూసి మళ్లీ మొదలు. మొదట స్కౌట్‌ని ముట్టుకోకుండా 9:55 లోపు రావాలి. అది వరసగా మూడుసార్లు వచ్చాక స్కౌట్‌ని ఎదుటివాడి ఊరి చుట్టూ తిప్పుతూ అదే టైమ్ తేవాలి. అదీ వచ్చాక రెండు జింకల్ని నెట్టుకురావడం కలపండి. ర్యాంక్‌డ్‌లో పోతున్న ఆ నిమిషం మీకు రెండో మెట్టు దగ్గరే కనబడుతుంది.

గొర్రెల_స్కౌట్

రెండో మెట్టు ఇప్పుడే చూశాను: 10:15. ఈసారి ఆగింది 15 దగ్గర కాదు, 20 దగ్గర. నాలుగో ఇల్లు.